పైకి లేచిన వేలు

పిచ్చుక మూడో వేలు పైకి లేచింది.

పియానో టీచరు పక్క కుర్చీలో కూచుని పెన్సిలు చెక్కుతోంది. చెక్కడం ఆపి ఆ చేతినే చూసింది. కాసేపటికి మళ్ళీ లేచింది, ఈసారి నాలుగో వేలు. మీట నొక్కి, కొక్కెంలా వంగి, మీట అంచుని తాకి పైకి ఎగిరింది.

పిచ్చుక ఆమె అక్క కూతురు. అసలు పేరు కాలేజీలో తప్ప ఎవరూ వాడరు. చిన్నప్పుడు కాళ్ళు నేలకి అందని రోజుల నుంచి, సైకిళ్ళు బాగుచేసే షాపు పైనున్న ఈ గదిలోనే నేర్చుకుంటోంది. నొక్కిన వేలు మీటని వదలకూడదన్నది ఇక్కడి మొదటి పాఠం. వేలు గాల్లోకి లేస్తే మళ్ళీ కిందికి దిగాలి, ఆ రాకపోకల్లోనే తాళం తప్పుతుందని టీచరు చెప్తుంది. పిచ్చుక ఆ పాఠం ఎప్పుడో నేర్చేసుకుంది. నేర్చుకున్నది ఇప్పుడు మరిచిపోవడమేమిటి?

"ఇంట్లో సాధన ఎలా చేస్తున్నావే?"

"మీరు చెప్పినట్టే పిన్నీ." పిచ్చుక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. "ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి. చివరి బార్ నుంచి వెనక్కి."

మాట సరిగ్గానే ఉంది. చేతులు దాచుకోవడమే టీచరుకి నచ్చలేదు.

రెండు వీధుల అవతల ఇంకో పియానో మాస్టారు ఉన్నాడు. ఆయన శిష్యుల వేళ్ళు ఎగురుతాయి. ప్రతి వేలూ సుత్తిలా లేచి పడాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ వేళ్ళు చూసే టీచరు ఆయనకి గద్ద అని పేరు పెట్టింది. ఊళ్ళో సగం మందికి ఇప్పుడు ఆ పేరే తెలుసు.

కొన్నేళ్ళ కిందట టీచరు దగ్గర ఒక దర్జీ కొడుకు నేర్చుకునేవాడు. ఐదు గీతలు చూపించి, ఏ గీత మీద ఏ స్వరమో, రెండు గీతల మధ్య ఏ స్వరమో వాడి చేత దిద్దించింది ఆమె. పెద్ద పరీక్ష దగ్గర పడ్డాక వాడు గద్ద దగ్గరికి వెళ్ళిపోయాడు. ఫలితాలు వచ్చినప్పుడు గురువు పేరు దగ్గర గద్ద పేరే పడింది. నీళ్ళు పోసి పెంచింది ఒకరు, పళ్ళు కోసుకున్నది ఇంకొకరు. చెప్పకుండా వెళ్ళాడన్నదే ఆమెకి ఎక్కువ కష్టం కలిగించింది. ముందే కనిపెట్టి ఉండాల్సింది, ఎందుకంటే వాడిలో కూడా మొదట మారినవి వేళ్ళే.

పిచ్చుకకి ఈ ఏడు పియానోలో ఎనిమిదో గ్రేడు పరీక్ష. అది పాసైతేనే సంగీత కళాశాలలో సీటుకి దరఖాస్తు పెట్టుకోగలదు. పరీక్షకి పేరు పంపాలంటే గురువు సంతకం కావాలి. ఆ కాగితం టీచరు బల్ల మీద, తాళం కొట్టే మెట్రోనోమ్ కింద ఉంది. నెలాఖరు శనివారం దాకా గడువు.

ఆ సాయంత్రం ఆమె భర్తని కదిపింది. ఆయన పియానోలు శ్రుతి చేసే మనిషి. ఊళ్ళో పియానో ఉన్న ప్రతి ఇంటి గడపా తొక్కుతాడు, గద్ద ఇంటిది కూడా. ఏ ఇంట్లో ఏం చూసినా ఇంకో ఇంట్లో చెప్పడు. ఆ నోటి కట్టుబాటు మీదే తన పని నడుస్తోందని ఆయన లెక్క.

గద్ద ఇంటికి ఈ మధ్య వెళ్ళారా అని అడిగింది. వెళ్ళానన్నాడు. అక్కడ పిల్లలెవరైనా ఉన్నారా అంది. పియానో మాస్టారి ఇంట్లో పిల్లలు ఉండక పీతలుంటాయా అన్నాడు. పిచ్చుక కనిపించిందా అంది. ఆయన వెంటనే కాదనలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"దాని గురించి నన్నడక్కు."

"ఏం, ఎందుకు అడక్కూడదు?"

"మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఎవరికో చెప్తే ఇక మాటివ్వడమెందుకు?" అని ఆయన గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

అంతే, ఆమెకి ఇంకేం కావాలి? పాలు కాచేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు ఆ ఒక్క మాటే నములుతూ ఉంది. మాట తీసుకున్నది అక్క అయి ఉండాలి. అక్క తీసుకుందంటే దాచాల్సింది ఉంది. తన నుంచి దాచాల్సింది గద్ద సంగతి తప్ప ఇంకేముంటుంది?

మర్నాడు తలనొప్పి మాత్రలకని మందుల షాపుకి వెళ్ళింది. షాపతను అక్క వాళ్ళ కింద వాటాలో ఉంటాడు. మీ అక్కగారి అమ్మాయి వాయించడం మానేసిందా ఏంటండీ అని అతనే అడిగాడు. ఇదివరకు సాయంత్రం అయ్యేసరికి పైనుంచి వినబడేదట. ఆ వేళ తీసే కునుకు పాడయ్యేదట. ఇప్పుడు హాయిగా ఉందని నవ్వాడు. టీచరు మాత్రలు తీసుకోవడం మర్చిపోయి ఇంటికొచ్చింది.

ఇంట్లో మోగడం లేదు. కానీ పిల్ల మాత్రం వారం వారం పాఠం అప్పజెప్పుతోంది, తప్పుల్లేకుండా. ఇంట్లో కాకపోతే మరెక్కడ వాయిస్తున్నట్టు?

అనుమానం తీరాలంటే రుజువు కావాలి. ఆమె పద్ధతిలోనే దానికో దారి ఉంది.

శిష్యులకి ఆమె అచ్చు పుస్తకాలు ఇవ్వదు. ప్రతి రచననీ తన చేత్తో ఎత్తిరాసి ఇస్తుంది, గీతల మధ్య ఎడం ఎక్కువగా ఉంచి. పైన రచన పేరు రాయదు, రాసినవాడి పేరూ రాయదు. పేరు తెలిస్తే పిల్లలు ఫోనులో వెతికి, విని, విన్నది వాయిస్తారు. కాగితం చదవడం అక్కడితో ఆగిపోతుంది. చెవితో నేర్చుకున్నవాడికి ఇంకొకడి తప్పులు కూడా వస్తాయని ఆమె అంటూ ఉంటుంది.

పిచ్చుక కోసం ఒక కొత్త రచన తీసింది. ఈ ఊళ్ళో ఎవరూ నేర్పనిది. ఎత్తిరాస్తూ పన్నెండో బార్ దగ్గర, అంటే నిలువు గీతల మధ్య పన్నెండో గడి దగ్గర, ఆగింది. అక్కడ ఎడమచేతికి డి, ఎఫ్ షార్ప్, ఎ అనే స్వరాలు వరసగా రావాలి. మధ్య స్వరం గుండుని గీత మీద నుంచి తీసి పై ఖాళీలో పెట్టింది. ఎఫ్ షార్ప్ కాస్తా జి అయింది. చూడ్డానికి చేయి జారినట్టు కూడా ఉండదు, ఎవరైనా అలాగే రాసి ఉంటారనిపిస్తుంది.

ఆమె లెక్క ఇది. పిచ్చుక ఒంటరిగా సాధన చేస్తే రాసినట్టే వాయిస్తుంది. పిన్ని రాసిందానికి తిరుగులేదని పెరిగిన పిల్ల. గద్ద చూస్తే మాత్రం అక్కడ ఆగుతాడు. ఆయన దగ్గర అచ్చు పుస్తకాలు అల్మారా నిండా ఉన్నాయి. తప్పు దిద్ది పంపుతాడు. పిల్ల దిద్దిన స్వరం వాయించిందా, దొరికినట్టే.

ఆ కాగితం పిచ్చుక చేతికిస్తున్నప్పుడు ఆమెకి ఒక్క క్షణం మనసు పీకింది. దర్జీ కొడుకు గుర్తొచ్చి ఇచ్చేసింది.

తర్వాతి పాఠానికి పిచ్చుక వచ్చింది. చెప్పులు విప్పి, జుట్టు ముడేసుకుని, బల్ల ముందుకి లాక్కుంది. మొదటి వరస శుభ్రంగా వాయించింది. రెండో వరసలో మూడో వేలు లేచింది. టీచరు చూపు కాగితం మీదే ఉంది. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో బార్‌లో ఎడమచెయ్యి డి, ఎఫ్ షార్ప్, ఎ పలికించి ముందుకి వెళ్ళిపోయింది. తడబడలేదు, కాగితం వైపు కూడా చూడలేదు.

టీచరు చివరిదాకా వాయించనిచ్చింది. తర్వాత మెట్రోనోమ్ కింది కాగితం తీసి మడిచి సొరుగులో పెట్టింది.

"ఈ ఏడు నీ పేరు నేను పంపడం లేదు."

పిచ్చుక ఎందుకని అడగలేదు. అది కూడా టీచరు లెక్కలోకే వెళ్ళింది. తప్పు చెయ్యనిదే అడక్కుండా ఎలా ఉంటుంది?

"నువ్వెక్కడ సాధన చేస్తున్నావో నాకు తెలిసింది," అంది టీచరు.

పిల్ల బల్ల మీంచి లేచింది. "అమ్మ చెప్పొద్దంది పిన్నీ," అంది చిన్నగా. చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయింది.

గడువుకి ముందు రోజు, శుక్రవారం పొద్దున, అక్క ఫోను చేసింది. చిన్నప్పటి నుంచీ ఆవిడకి కోపమొస్తే గొంతు తగ్గుతుంది. పిల్ల అన్నం తినలేదని, ఏడాది వృథా అవుతుందని, సొంత పిన్నే ఇలా చేస్తే పరాయివాళ్ళని ఏమనుకోవాలని అడిగింది. ఆ పరాయివాళ్ళ దగ్గరికే పంపించు, వాళ్ళే సంతకం పెడతారు అని టీచరు అంది. ఏ పరాయివాళ్ళే అని అక్క అడిగింది. తెలియనట్టు నటించకు, అమ్మా నాన్నల ముందు కూడా ఇలాగే నటించేదానివి అని టీచరు అంది. అక్కడితో ఇద్దరూ పియానో వదిలేసి, ముప్పై ఏళ్ళ వెనక్కి వెళ్ళి, ఎవరు ఎవరి గౌను చింపారో అన్నదాకా తిరిగొచ్చారు. ఫోను ఎవరు ముందు పెట్టేశారో ఇద్దరికీ తెలియదు.

భర్త గుమ్మం దగ్గర సంచీ సర్దుకుంటున్నాడు. మాట్లాడింది అంతా విన్నాడు.

"నేను మాటిచ్చాను కాబట్టి చెప్పను," అన్నాడు. "కానీ పిల్ల పరీక్ష పోతుంటే చూస్తూ కూచోలేను. నువ్వే వెళ్ళు."

"గద్ద ఇంటికా?"

"మీ అక్క ఇంటికి. వెళ్ళి ఆ పియానో మూత తియ్యి. తీశాక నన్ను తిట్టుకో."

ఆ పియానో వాళ్ళ నాన్నది. ఆయన పోయాక ఎవరికన్న మాట వచ్చినప్పుడు, వాయించడం వచ్చింది చెల్లెలికే అయినా, అక్క పట్టుబట్టింది. పెద్దదాన్ని నేను, పైగా నా కూతురు నేర్చుకుంటుంది అంది. నీ ఇంట్లో అది బట్టలారేసుకునే దండెం అవుతుందే అని టీచరు పదిమందిలో అనేసింది. ఆ మాటకి అక్క కొన్నాళ్ళు మాట్లాడలేదు. టీచరు తర్వాత చేతులు మారిన పియానో ఒకటి కొనుక్కుని ఈ పాఠాల గది తెరిచింది.

టీచరు వెళ్ళేసరికి అక్క తలుపు సగమే తీసింది. పియానో గది సర్దలేదని, దుమ్ముగా ఉందని, ముందు కూచుని టీ తాగమని అంది. టీచరు చెప్పులు విడవకుండానే పక్కనుంచి లోపలికి నడిచింది.

గదిలో తడి వాసన ఉంది. పియానో వెనక గోడ పైనుంచి కిందికి నల్లబడి ఉంది, పైవాటా స్నానాల గది గొట్టం ఎక్కడో కారుతోంది. పియానోని గోడ నుంచి జరిపారు గానీ అప్పటికే ఆలస్యమైనట్టుంది. మూత మీద బట్టల్లేవు. శుభ్రంగా తుడిచి ఉంది. టీచరు మూత ఎత్తింది.

మధ్యలో బి మీట లోపలికి దిగిపోయి ఉంది, పళ్ళ వరసలో ఒకటి ఊడినట్టు. ఆమె నిలబడే స్వరాల వరస, స్కేల్, వాయించింది. రెండు మీటలు మోగాయి, మూడోది టక్కుమంది, నాలుగోది టక్కుమంది. ఎడమచేతి వైపు ఇంకా ఎక్కువ. డి లేదు, ఎఫ్ షార్ప్ లేదు, జి లేదు. బి మీటని ఆమె వేలి కొసతో అంచు పట్టి పైకి ఎత్తింది. నొక్కితే మళ్ళీ కిందే ఉండిపోయింది. మళ్ళీ ఎత్తింది.

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. పాఠంలో ఒకసారి మూడో వేలు లేచింది, ఒకసారి నాలుగోది. ఏ వేలో చూసింది గానీ, ఏ మీటో చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే, లేచిన ప్రతిసారీ ఆ వేలు బి మీదే ఉంది.

"మరిదిగారు చూశారు," అంది అక్క వెనకనుంచి. "చెక్క ఉబ్బిందట. మొత్తం విప్పాలట. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను."

"ఎందుకే?"

"ఎందుకా? దండెం అవుతుందన్నావుగా. బట్టలైతే నయం, తీసేస్తే పోయేది. నీళ్ళల్లో నానబెట్టాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటావు?"

 ఇన్నాళ్ళూ టీచరు సిద్ధం చేసుకున్న మాటలన్నీ గద్ద గురించినవి.

"మరి పిల్ల ఎక్కడ..."

"ఇక్కడే. ఇంకెక్కడ? మోగకపోయినా కూచుంటుంది, కిందికి కూడా వినబడనంత మెల్లిగా నొక్కుకుంటూ. మధ్యలో దానికది కూనిరాగం తీసుకుంటూ ఉంటుంది. నాకు భయమేసింది, పిల్లకి ఏమైనా అయిందేమోనని."

పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. టీచరు జరిగి బల్ల ఖాళీ చేసింది. పన్నెండో బార్ వాయించమంది. పిచ్చుక కూచుంది. కుడిచేతి స్వరం మోగింది. ఎడమచేతి దగ్గర రెండు మీటలు టక్కుమన్నాయి. ఆ రెండు స్వరాలూ పిల్ల గొంతులోంచి వచ్చాయి, సన్నగా, శ్రుతి తప్పకుండా. ఆ పని చేస్తూనే బి మీటని వేలితో ఎగరేసింది, ఈగని తోలినంత మామూలుగా.

"మోగనిచోట నేనే పాడుకుంటాను పిన్నీ. ముందు కాగితం చూసి, ఏది ఎంత ఎత్తులో ఉందో అనుకుని, అప్పుడు నొక్కుతాను. లేకపోతే ఏం వాయించానో నాకే తెలీదు."

"నేనక్కడ జి రాశాను."

"రాశారు. పాడితే కుదరలేదు. కుడిచేతిలో ఎఫ్ షార్ప్ ఉంది, రెండూ కొట్టుకుంటున్నాయి. మీరు రాస్తూ పొరపాటు పడ్డారనుకున్నా. చెప్తే బాధపడతారని నేనే మార్చేసుకున్నా."

టీచరు పొరపాటే అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. అక్క ముందు, పిల్ల ముందు గౌరవం దక్కేది. ఆమె అనబోయింది కూడా.

"పొరపాటు కాదే," అంది. "కావాలనే రాశాను."

"ఎందుకు?"

ఎందుకో చెప్పింది. గద్ద అని కాకుండా ఆయన అసలు పేరుతో చెప్పింది. దర్జీ కొడుకు సంగతి, వేళ్ళ సంగతి, మందుల షాపతను అన్న మాట, అన్నీ చెప్పింది. చెప్తుంటే ఒక్కొక్కటీ ఎంత చిన్నదో ఆమెకే వినబడింది. అక్క నోరు తెరిచింది గానీ కూతురి ముఖం చూసి మూసుకుంది.

పిచ్చుక దిగిపోయిన బి మీటని మళ్ళీ ఎత్తిపెట్టింది. ఏడవలేదు.

"అయితే పిన్నీ, ఇక మీరు ఇచ్చిన కాగితంలో ఏదైనా తేడాగా ఉంటే, అది మీ తప్పో, నాకు పెట్టిన ఉచ్చో నేనెలా కనుక్కోవాలి?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. స్కేల్‌లో ఏ వేలు వాడాలో అడిగినట్టే అడిగింది. 

శనివారం మధ్యాహ్నం ఆమె సంతకం పెట్టి, కాగితం తనే తీసుకెళ్ళి పరీక్షల ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా ముద్ర వేసేదాకా కదల్లేదు. భర్త అదే రోజు సంచీ, ఇద్దరు కూలీలతో అక్క ఇంటికి వెళ్ళి పియానో విప్పడం మొదలుపెట్టాడు. ఎప్పటికి అవుతుందో చెప్పలేనన్నాడు. అంతవరకు పిచ్చుక సాయంత్రాలు పిన్ని గదిలోనే సాధన చెయ్యాలని తేలింది. వస్తుందో రాదోనని టీచరుకి అనుమానంగానే ఉంది.

వచ్చింది. చెప్పులు విప్పి, జుట్టు ముడేసుకుంది. టీచరు పరీక్షకి వాయించాల్సిన రచనని ఎత్తిరాసి ఉంచింది, రెండుసార్లు సరిచూసి. కాగితం స్టాండు మీద పెట్టింది. పక్కనే అచ్చు పుస్తకం కూడా తెరిచి పెట్టింది. ఈ గదిలో ఇదివరకెప్పుడూ పెట్టలేదు.

పిచ్చుక అచ్చు పుస్తకం వైపు చూసి, దాన్ని మూసి పక్కన పెట్టింది.

"ఇందులో ఏమీ లేదు కదా పిన్నీ?"

"లేదు."

పిల్ల తలూపింది. చేతులు మాత్రం మీటల మీదికి రాలేదు. వేలు మొదటి బార్ కింద పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో స్వరాన్నీ లోపల పాడుకుంటూ వరస చివరిదాకా వెళ్ళింది. రెండో వరస మొదలుపెట్టింది.

టీచరు పక్క కుర్చీలో కూచుని, ఆ పిల్ల తను రాసిందంతా తనిఖీ చెయ్యడం అయ్యేదాకా ఆగింది.